రైల్లో కలిసిన ఏఎన్‌ఎం అక్కకు

అక్కా, మీ పేరు కూడా అడగలేకపోయాను. తెలిసినవాళ్ళెవరైనా మీకు చూపిస్తారని ఇక్కడ రాస్తున్నా. పాప బాగుంది. ఇంటికొచ్చాం.

మా పాపకు పల్లీలు పడవు. చట్నీ చుక్క నోట్లో పడినా ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు వాపు. అందుకే హైదరాబాద్‌లో ఓరల్ ఇమ్యునోథెరపీ చేయిస్తున్నాం. మిల్లీగ్రాముల్లో పల్లీపిండి రోజూ తినిపిస్తూ, రెండేసి వారాలకోసారి డాక్టర్ ఎదుటే కొంచెం పెంచుతారు. అలర్జీ పూర్తిగా పోదు, పొరపాటున తిన్నా ప్రాణం మీదికి రాకుండా ఉంటుందని ఆశ. కానీ జ్వరమొస్తే, నిన్నటిదాకా పడిన డోసే పడకపోవచ్చు.

అదే జరిగింది. ఆస్పత్రిలో డోసిచ్చి, కూర్చోబెట్టి చూసి, బాగుందనే పంపారు. ఆలేరు దాటాక ఒళ్ళు కాలిపోయింది. జనగామ వచ్చేసరికి దద్దుర్లు, ఆగని దగ్గు, పెదాలు వాచాయి. ఇలాంటప్పుడు ఇవ్వాల్సిన అడ్రినలిన్ మందు ఆంపూల్ (మెడ విరిచి తెరిచే చిన్న గాజు బుడ్డి), సిరంజి బ్యాగులోనే ఉన్నాయి. నా చేతులు వణికి ఆంపూల్ విరగడం లేదు. "ఇటియ్యి బిడ్డా, నేను ఏఎన్‌ఎంను" అంటూ మీరు ఎదుటి సీట్లోంచి లేచారు. డాక్టర్ చీటీ రెండుసార్లు చదివి, అంతే తీసి, తొడకు ఇచ్చారు. పాపను లేచి నడవనివ్వలేదు.

మీరు పోవాల్సింది మహబూబాబాద్. కాజీపేటలో మాతో దిగి, 108 ఎక్కారు. రియాక్షన్ మళ్ళీ తిరగబెట్టొచ్చని రాత్రంతా ఆస్పత్రి బెంచీ మీదే ఉన్నారు. ఇక భయం లేదని డాక్టర్ చెప్పినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. మీరు డబ్బా మూత తీసి, "నువ్వేమన్న తిన్నవా? భయపడకు, ఇండ్ల పల్లీలు లెవ్వు, పెరుగన్నమే" అన్నప్పుడు మాత్రం ఆగలేకపోయాను. తెల్లారి చూస్తే మీరు లేరు.

తొడకు నొక్కితే కొలిచిన మందు దానంతటదే ఎక్కే అడ్రినలిన్ పెన్నులు అమెరికాలో తల్లుల బ్యాగుల్లో ఉంటాయి. హనుమకొండలో, వరంగల్‌లో నేను అడిగిన ఏ మందుల షాపులోనూ లేవు. ఆంపూల్‌కే ఎంతో బతిమాలాల్సి వచ్చింది. ఇంత చవకైన మందు, ప్రాణం నిలిపే మందు, ఎందుకు పెట్టరు? సద్దుల బతుకమ్మ నాడు ప్రతి చేతిలో పల్లీల సద్ది ఉండే ఊళ్ళు మనవి. ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు.

మా ఆయన, అమ్మ, తమ్ముడు ఎలాగూ ఉన్నారు, వాళ్ళకు థాంక్స్ ఇంట్లో చెప్పుకుంటా.

108లో వచ్చిన అన్నలకు దండాలు. ముందే స్టేషన్‌కు ఫోన్ చేసిన టీటీఈ గారికి కూడా. అయ్యో, కింది బెర్తు ఖాళీ చేసి మా సామానంతా దింపిన కాలేజీ పిల్లలను మర్చిపోయాను, చల్లగుండండి తమ్ముళ్ళూ. పాప నీళ్ళ సీసా మీ దగ్గరే ఉండిపోయినట్టుంది, ఉంచేసుకోండి.