ఏడు వారాలా, అయిదు వారాలా?

చి॥సౌ॥ అమ్మాయికి, అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

స్కానింగ్ కాగితంలో గర్భం 7 వారాలని ఉందనీ, అల్లుడుగారు ఊరినుంచి వచ్చి 5 వారాలే అయిందనీ, మీ అత్తగారు వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవడం చూసి నీకు అన్నం సయించలేదనీ ఫోనులో చెప్పావు. ఆవిడను తప్పుపట్టను, ఆ కాగితం చూస్తే ఎవరికైనా అలాగే తోస్తుంది. బడిలో ఇన్నేళ్లు జీవశాస్త్రం చెప్పిన నేను ఈ సంగతి నీకు ముందే చెప్పకపోవడం నా పొరపాటు.

బిడ్డ ఏర్పడిన రోజు కచ్చితంగా ఎవరికీ తెలియదు గనుక, డాక్టర్లు గర్భాన్ని చివరి బహిష్టు మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. స్కానులో పిండం పొడవు కొలిచినా, దాన్ని ఆ లెక్కలోకే మార్చి రాస్తారు. 28 రోజులకొకసారి బహిష్టు వచ్చేవారిలో అండం విడుదలయ్యేది సుమారు 14వ రోజున. అంటే వాళ్లు చెప్పే మొదటి 2 వారాల్లో కడుపులో బిడ్డే లేదు. విడుదలైన అండం ఒక రోజుకు మించి బతకదు, వీర్యకణాలు మాత్రం 5 రోజుల దాకా కాచుకుని ఉండగలవు. రెండూ కలిసేది గర్భాశయంలో కాదు, అండం గర్భాశయానికి వచ్చే దారి అయిన ఫాలోపియన్ నాళంలో. అలా ఏర్పడిన కణం రెండుగా, నాలుగుగా చీలుతూ నాళం వెంట దిగివచ్చి, ఇంచుమించు వారం తిరిగేసరికి గర్భాశయపు గోడలో నాటుకుని, హెచ్‌సీజీ అనే హార్మోనును విడుదల చేస్తుంది. అండం బయటపడిన చోట మిగిలే కార్పస్ లూటియం మామూలుగా 2 వారాల్లో వాడిపోవాలి. హెచ్‌సీజీ దాన్ని వాడనివ్వదు, అది గర్భాశయపు లోపలి పొరను నిలిపే ప్రొజెస్టిరాన్ అనే హార్మోనును ఇస్తూనే ఉంటుంది, అందువల్ల ఆ పొర ఊడిపడక నెల తప్పుతుంది. తెల్లవారుజామున పరీక్ష పట్టీ మీద నువ్వు చూసిన ఆ రెండో గీత కూడా హెచ్‌సీజీ వల్ల వచ్చినదే.

కాబట్టి అల్లుడుగారి 5 వారాలకు, డాక్టరుగారి 7 వారాలకు తగవేమీ లేదు.

కాన్పు తేదీ కూడా ఆ బహిష్టు రోజుకు 280 రోజులు కలిపి వేసినదే. సరిగ్గా ఆ రోజునే పుట్టేవాళ్లు నూటికి నలుగురైదుగురు. నువ్వు 9 రోజులు ఆలస్యంగా వచ్చావు; మీ నాన్నగారు సెలవులన్నీ ముందే వాడేసుకుని, నువ్వు పుట్టిన పూట ఆఫీసులో ఉన్నారు.

పాల లెక్కలు రాసుకునే గోడ కేలండరు దించి, చివరిసారి బయట ఉన్న మొదటి రోజును మీ అత్తగారికి చూపించి, అక్కడి నుంచి వారాలు ఆవిడ చేతనే లెక్కపెట్టించు.

ఇట్లు,
అమ్మ