గురి పరీక్ష సరే, హోల్‌స్టర్ పరీక్ష ఏది?

సంపాదకులకు నమస్కారం.

ఆత్మరక్షణకు తుపాకీ వెంట పెట్టుకునే విషయంపై మీ పత్రికలో నడుస్తున్న చర్చను చదువుతూనే ఉన్నాను. కొందరు లైసెన్సులు ధారాళంగా ఇవ్వమంటున్నారు, కొందరు అసలే ఇవ్వొద్దంటున్నారు. ఇచ్చాక ఆ మనిషి రోజంతా తుపాకీని హోల్‌స్టర్‌లో, అంటే బెల్టుకు తగిలించే ఒరలో, ఎలా పెట్టుకుని తిరుగుతాడన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. రేంజ్‌లో కొత్తవాళ్లకు నేర్పించేవాడిగా నా టెన్షనంతా దాని గురించే.

లైసెన్సుకు పరీక్ష పెట్టినా ముఖ్యంగా చూసేది గురి. కాగితం బొమ్మకు ఎన్ని తూటాలు తగిలాయో లెక్కపెట్టి సంతకం పెట్టేస్తారు. తుపాకీ పెట్టుకుని తిరిగే మనిషికి అవసరం పడి కాల్చాల్సిన రోజు జన్మలో రాకపోవచ్చు. తీయడం, పెట్టడం మాత్రం రోజూ ఉంటుంది. పొద్దున నడుముకు పెట్టుకోవాలి, కారులో సీటుబెల్టు బిగించుకోవాలి, బాత్‌రూమ్‌లో ప్యాంటు దించాలి, రాత్రి తీసి తాళం వేయాలి. ఈ పనులు చేయడం వచ్చా అని ఎవరైనా అడుగుతున్నారా?

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ప్లాక్సికో బరెస్ సంగతి చాలామందికి తెలిసిందే. 2008 నవంబరులో న్యూయార్క్ నైట్‌క్లబ్‌లో, నడుములో ఊరికే దోపుకున్న పిస్టల్ కిందికి జారింది. పట్టుకోబోతే వేలు ట్రిగ్గర్ మీద పడి తూటా తొడలోకి దిగింది. అదే ఏడాది ఆ ఆట లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో జట్టును గెలిపించిన టచ్‌డౌన్ (స్కోరు) బంతిని పట్టిన చేతులవి! అక్కడ చెల్లే లైసెన్స్ కూడా లేకపోవడంతో మరుసటి ఏడాది రెండేళ్ల జైలు శిక్ష పడింది.

జారిన పిస్టల్‌ను పట్టుకోకూడదు, పడిపోనివ్వాలి. మేం మొదటి రోజే చెప్పే మాట ఇది. ఇప్పటి పిస్టళ్లు కిందపడితే పేలకుండా లోపల అడ్డు ఉంటుంది; కంగారుగా పట్టుకునే వేలికి అడ్డేమీ ఉండదు. అలాగని అన్నింటినీ నమ్మడానికి లేదు. సిగ్ సావర్ కంపెనీ పీ320 పిస్టల్ కొన్ని కోణాల్లో పడితే పేలుతోందని తేలాక, 2017లో ఆ కంపెనీ ఉచితంగా మార్పులు చేసిస్తామని ప్రకటించాల్సి వచ్చింది. పాతకాలపు సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ సుత్తిని చేత్తో వెనక్కి లాగి కాల్చే) రివాల్వర్లలోనైతే, తూటాను కొట్టి పేల్చే ఆ సుత్తి కింద గదిని ఖాళీగా ఉంచి, ఆరింటికి అయిదు తూటాలే నింపుకునేవారు. తాత గారి రివాల్వర్ బీరువాలోంచి తీసి పెట్టుకునే వాళ్లకు ఈ ముక్క చెప్పేవాళ్లు తక్కువ.

ఇక చాంబర్‌లో, అంటే గొట్టం మొదట్లో తూటా పేలే గదిలో, తూటా ఉంచాలా వద్దా అన్నది ఎప్పుడూ తెగని గొడవ. ఖాళీగా ఉంచితే క్షేమం అనేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ సాల్ట్ లేక్ సిటీ పోలీసు సార్జెంట్ డెన్నిస్ ట్యులర్ 1983లో రాసిన లెక్క ఒకటుంది. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని దాదాపు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడు. చొక్కా ఎత్తి పిస్టల్ తీయడానికే ఆ సమయం సరిపోతుంది. చాంబర్‌లోకి తూటా ఎక్కించడానికి ఇంకో చేత్తో స్లైడ్, అంటే పిస్టల్ పైన జారే భాగం, వెనక్కి లాగాలంటే, ఆ చెయ్యి అప్పటికే ఎదుటివాడిని నెట్టుతూనో పిల్లను వెనక్కి తోస్తూనో ఉండొచ్చు. అందుకే చాంబర్ నింపుకోవడానికి నేను ఒప్పుకుంటాను, హోల్‌స్టర్ సరైనదైతేనే. ట్రిగ్గర్ చుట్టూ పూర్తిగా కప్పేసే గట్టి హోల్‌స్టర్ కావాలి, అది బెల్టుకు కదలకుండా ఉండాలి. అది లేనివాడు చాంబర్ ఖాళీగా ఉంచడం కాదు, తుపాకీని ఇంట్లో వదిలి రావడం మేలు.

హోల్‌స్టర్ అంటే ఏదో ఒక తోలు సంచి అనుకుంటారు. మెత్తబడిన తోలు అంచు లోపలికి మడతపడి ఉంటుంది. పిస్టల్‌ను లోపలికి నెట్టినప్పుడు ఆ మడత ట్రిగ్గర్‌కు తగిలి నొక్కేస్తుంది. జాకెట్ తాడు, చొక్కా అంచు కూడా అంతే. తీయడంలో వేగం కావాలి గానీ, తిరిగి పెట్టడానికి తొందరేముంది? చొక్కా పైకి పట్టుకుని, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా చాచి, హోల్‌స్టర్‌లోకి చూస్తూ నెమ్మదిగా పెట్టాలి. ఎక్కడైనా తట్టుకుంటే నెట్టకుండా బయటికి తీసి చూడాలి. హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకునే పద్ధతి నాకసలు నచ్చదు. 2014 డిసెంబరులో అమెరికాలోని ఐడహోలో రెండేళ్ల పిల్లాడు తల్లి బ్యాగులోని పిస్టల్ తీశాడు. ఆ తూటాకు తల్లి ప్రాణం పోయింది. తుపాకీ కోసం ప్రత్యేకంగా జిప్ అర ఉన్న బ్యాగే అది.

తూటాలు తీసేటప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటి. తూటాలు పేర్చి ఉండే మ్యాగజైన్ తీయకుండా ముందు స్లైడ్ లాగుతారు, ఒక తూటా బయటపడుతుంది, తర్వాత మ్యాగజైన్ తీసి ఖాళీ అయిందనుకుంటారు. స్లైడ్ ముందుకు వచ్చేటప్పుడే ఇంకో తూటా చాంబర్‌లోకి వెళ్లిపోయి ఉంటుంది. అలా ‘ఖాళీ’ అయిన పిస్టల్‌ను నా ముందు బల్లమీద పెట్టినవాళ్లలో గురిలో దిట్టలూ ఉన్నారు.

కాబట్టి లైసెన్స్ ఇచ్చే అధికారులకు నా విన్నపం. అభ్యర్థి రోజూ వాడబోయే హోల్‌స్టర్, బెల్టు వెంట తెచ్చుకోవాలి. పేలని డమ్మీ తూటాలతో, పైన చొక్కా వేసుకుని పిస్టల్ తీసి, మళ్లీ పెట్టి, చివరికి ఖాళీ చేసి చూపాలి. పరీక్షించేవారు బొమ్మను కాదు, వేలిని చూడాలి. పావుగంట పని. రెన్యువల్‌కు వచ్చినప్పుడూ ఇదే పెట్టాలి, హోల్‌స్టర్లు అరుగుతాయి కదా. తప్పినవారి లైసెన్స్ రద్దు చేయమని నేననడం లేదు. నేర్చుకుని మళ్లీ రమ్మనండి, అప్పటిదాకా తుపాకీ ఇంట్లో తాళం వేసి ఉంటుంది.

ఇట్లు,
ఒక షూటింగ్ శిక్షకుడు