మంత్రిగారూ, ఆ కార్డు మీద ఉన్నది మా పాత వంతెన కాదు

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

గోదావరి పాత రైలు వంతెన పేరుతో మీ శాఖ వేయించిన శుభాకాంక్షల కార్డు సంగతి మీకు తెలిసిందే. దాచుకోదగ్గ ప్రత్యేక ముద్రణ అంటూ మీ చేతుల మీదుగానే విడుదలైంది కాబట్టి దాని గురించి మళ్లీ వివరించను. దాని మీద ఉన్న బొమ్మ పాత వంతెనది కాదని మాత్రం విన్నవించుకుంటున్నాను. ఈ మాట ఇదివరకే అర్జీల్లో రాశాను, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రసీదులు ఉన్నాయి, జవాబులే లేవు. అందుకే ఇలా నలుగురిలో రాయాల్సి వచ్చింది, ఏమీ అనుకోకండి.

కార్డు ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. చుట్టూ బంగారు రంగు అంచు, కింద ఉబ్బెత్తు అక్షరాల్లో "హేవలాక్ వంతెన, 1900". పైన బొమ్మలో మాత్రం వరుసగా కాంక్రీటు ఆర్చీలు, వాటి మధ్య నుంచి దూసుకొస్తున్న ఎలక్ట్రిక్ ఇంజను! రాజమండ్రిలో మూడో క్లాసు పిల్లాణ్ని అడిగినా అది పాతదాని బదులు కట్టిన కొత్త రైలు వంతెన, ఆర్చ్ బ్రిడ్జి అని చెబుతాడు. మొత్తం 28 ఆర్చీలు, కట్టడం పూర్తయింది 1997లో. పాతదానికి ఆర్చీలు ఎక్కడివండీ? రాతి స్తంభాలు, వాటి మీద ఇనుప గర్డర్లు. 56 స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు), ఒక్కోటి 150 అడుగులు, ఒకటే లైను. 1897 నవంబరులో పని మొదలుపెట్టి 1900 ఆగస్టుకల్లా గోదావరి మీద రైలు నడిపించేశారు. మూడేళ్లు కూడా పట్టలేదు. (మన దగ్గర ఒక ఫ్లైఓవర్‌కి ఎంతకాలం పడుతోందో నేను గుర్తు చేయక్కర్లేదు.) దాదాపు వందేళ్లు మోసి 1997లో అది రిటైరైంది. రిటైరైన తాతగారికి సన్మానం చేస్తూ ఫ్లెక్సీ మీద మనవడి ఫొటో వేసినట్టుంది మీ కార్డు.

వెనక్కి తిప్పితే ఇంకో విడ్డూరం. ఈ వంతెనను కాటన్ దొర కట్టించారట! కాటన్ దొరంటే మాకు దేవుడితో సమానం. ఊళ్లల్లో ఆయన విగ్రహాలకు దండలు వేస్తాం. కానీ ఆయన కట్టించింది ధవళేశ్వరం ఆనకట్ట, అదీ 1852 నాటికి. వంతెన ప్రారంభమయ్యేసరికి ఆయన లేరు, అంతకు ముందు ఏడాదే 96 ఏళ్ల వయసులో ఇంగ్లండులో పోయారు. ఈ వంతెన పని చూసిన ఇంజనీరు వాల్టన్. కాశీలో గంగ మీద వంతెన కట్టి వచ్చిన మనిషి. ఆయన పేరు కార్డులో ఎక్కడా లేదు. వంతెన ఎవరి పేరు మీద ఉందో ఆ హేవలాక్ అప్పటి మద్రాసు గవర్నరు, కాటన్ దొరలాగే ఆయన మొదటి పేరు కూడా ఆర్థరే. అక్కడ తికమక పడ్డారేమోనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మీవాళ్ల తరఫున వాదించడం కూడా నాకే అలవాటైపోయింది.

నేను కార్డులు, స్టాంపులు సేకరిస్తాను. మాబోటివాళ్లు కొనుక్కోవాలనే కదా పరిమిత ముద్రణ అని వేసి నంబర్లు గుద్దారు. హౌరాలో ఉన్న మిత్రుడికి ఒక కార్డు పంపితే, "1900లోనే మీ దగ్గర ఇంత కాంక్రీటు వాడారా?" అని అడిగాడు. ఏం చెప్పమంటారు? కార్యాలయానికి వెళ్లి మొర పెట్టుకుంటే ఒక పెద్దమనిషి, "బొమ్మ బాగుంది కదండీ" అన్నారు. ఇంకొకాయన తప్పు పడ్డ ముద్రణకు ముందు ముందు ధర పెరుగుతుందనీ, భద్రంగా దాచుకోమనీ సలహా ఇచ్చారు. ప్రభుత్వ శాఖే తప్పులు అచ్చేసి విలువ పెంచే పథకం పెట్టిందని నాకు తెలియదు.

ఒక సభలో మైకు పట్టుకుని మీ అధికారే మాటిచ్చారు, ఉగాదికల్లా సరిచేసిన కార్డు వస్తుందని. ఉగాది వెళ్లింది. దసరా వెళ్లింది. సంక్రాంతికి కొత్త కార్డు వచ్చిందంటే ఆశగా పరిగెత్తాను. అదే బొమ్మ, అదే కాటన్ దొర. మారింది అంచు రంగు ఒక్కటే. అదనంగా ఒక మూల మీ ఫొటో చేరింది. అందులో మాత్రం పొరపాటు జరగలేదు, మీ ఫొటో మీదే.

2007లో తపాలా శాఖ దేశంలోని ప్రముఖ వంతెనల మీద నాలుగు స్టాంపులు వేసింది. హౌరా, పాంబన్, విద్యాసాగర్ సేతు, పాట్నా గాంధీ సేతు. వాటిలో మా వంతెన లేదు. అప్పట్నుంచీ ఆ వెలితి ఉంది కాబట్టే మీ కార్డు కోసం అంతగా ఎదురుచూశాం. దానికీ మొఖం మార్చేశారు.

"అఖండ గోదావరి" ప్రాజెక్టుకు 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. అందులో పాత వంతెనను పర్యాటక కేంద్రం చేస్తామన్నారు. సంతోషం. 2027లో పుష్కరాలు. వచ్చే జనం లక్షల్లో ఉంటారు. వాళ్ల చేతుల్లోనూ ఇదే కార్డు పెడతారా? మాకు దయచేసి సరైన బొమ్మతో కార్డు మళ్లీ వేయించండి. వెనకాల నాలుగు ముక్కలు నిజం రాయించండి. అంతవరకూ ఉన్న స్టాకు అమ్మకం ఆపించండి. అదీ కుదరకపోతే కనీసం తప్పొప్పుల చీటీ అయినా జత చేయించండి. నిధులు లేవని ఫైలు పక్కన పెట్టించొద్దు. పాత వంతెన ఫొటోలు నా దగ్గర చాలా ఉన్నాయి, పైసా తీసుకోకుండా ఇస్తాను. ఒక్క ఫోను చేయిస్తే నేనే తెచ్చి ఇస్తాను. నంబరు నా పాత అర్జీలన్నిటి మీదా ఉంది.

ఇట్లు
రాజమహేంద్రవరం వాసి