కార్యదర్శి వార్షిక నివేదిక: 2025

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మన పాత కార్డుల సంఘం తరఫున గర్వంగా చెప్పుకోదగ్గది అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉండే వానమేకర్ అనే పెద్ద దుకాణం మీద పెట్టిన ప్రదర్శన. ఆ భవనంలో చివరిదాకా నడిచిన మేసీస్ దుకాణం మార్చిలో మూతపడుతోందని తెలియగానే, వచ్చే ఏడాదికి వాయిదా వేయొద్దని పట్టుబట్టింది ఖజాంచి గారే. ఆ మాట రికార్డులో ఉండాలి.

జాన్ వానమేకర్ 1861లో బావమరిదితో కలిసి ఓక్ హాల్ అనే బట్టల కొట్టు తెరిచాడు. 1876 నాటికి రైల్వే వాళ్ల పాత గూడ్స్ షెడ్డే 'గ్రాండ్ డిపో' అయింది. ఇప్పుడున్న భవనాన్ని 1911 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు టాఫ్ట్ ప్రారంభించాడు. తర్వాత కొడుకు రాడ్‌మన్ చూసుకున్నాడు. 1978లో దుకాణం కుటుంబం చేతులు దాటింది.

ఎక్కువమంది ఆగింది ఓక్ హాల్ రోజుల వ్యాపార కార్డుల బల్ల దగ్గరే. ముందు వైపు రంగుల బొమ్మ, తిప్పితే మగవాళ్ల సూట్ల ప్రకటన. ఇవి పోస్టు చేసేవి కావు, ఊరికే పంచేవి. పోస్టుకార్డుల సంగతి వేరు. అమెరికాలో 1907 మార్చి దాకా చిరునామా వైపు కబురు రాయకూడదు కాబట్టి, జనం బొమ్మ చుట్టూ ఉన్న కాస్త తెల్లటి అంచులోనే ఇరికించి రాసేవారు. దుకాణం లోపలి పెద్ద ఆర్గన్ వాద్యం, కంచు డేగ బొమ్మలున్న కార్డులకు ఆ అవస్థ లేదు, వెనక గీత గీసి చిరునామాకు ఒకటి, కబురుకు ఒకటి రెండు భాగాలుంటాయి. ఆ ఆర్గన్, డేగ రెండూ 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శన నుంచి దుకాణానికి వచ్చినవే. "డేగ దగ్గర కలుద్దాం" అనడం ఫిలడెల్ఫియాలో మామూలు మాట.

వానమేకర్ 1889 నుంచి 1893 దాకా పోస్ట్‌మాస్టర్ జనరల్, అంటే అమెరికా తపాలా శాఖ అధిపతి కూడా. కొలంబస్ స్టాంపుల వరస ఆయన హయాంలోదే. అందులో ఐదు డాలర్ల స్టాంపు చూసి, అంత ఖరీదా అని అప్పటి సేకర్తలే మండిపడ్డారు! మన స్టాంపుల వాళ్లు ఆ స్టాంపులు పెట్టిన బల్ల వదల్లేదు.

ఫ్రేములు ఇచ్చినవారికి, పులిహోర చేసి తెచ్చినవారికి, బల్లలు మోసిన కుర్రాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు. వాట్సాప్‌లో బొటనవేలు చూపించి ఆ రోజు ఫోన్ ఎత్తని వాలంటీర్లకు ఏం చెప్పాలో తెలియడం లేదు. హాలు ఆఫీసు వాళ్లు అనుమతి కాగితం ముందురోజు సాయంత్రం దాకా ఇవ్వలేదు, ఆ టెన్షన్ అంతా ఇద్దరు ముగ్గురే మోశారు.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. హాలు అద్దె పోను కొద్దిగా మిగిలింది. చందా బాకీ ఉన్నవారు సమావేశం లోపు కట్టండి. ప్రదర్శనకు అరువిచ్చిన కార్డులు కొన్ని ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఎవరివి వారు వచ్చి, సంతకం పెట్టి తీసుకెళ్లాలి.