కొత్త షెల్లర్ మాట పక్కన పెట్టు బావా

బావా,

దాళ్వా వడ్ల ట్రాక్టర్లు నీ ఉప్పుడు బియ్యం మిల్లు గేటు దాటి కాలవగట్టు దాకా బారులు తీరాయనీ, అందుకే వడ్ల పొట్టు తీసే షెల్లర్ ఇంకోటి కొంటాననీ రాశావు. ఆగరా బాబూ! నువ్వు పంపిన లెక్కే మళ్లీ చూడు. ఉడికిన వడ్లు ఎండబెట్టే డ్రయ్యర్‌లో వాయికి 8 టన్నులు, రోజుకి మూడు వాయిలు, మొత్తం 24 టన్నులు. గంటకి 3 టన్నులు ఆడే షెల్లర్‌కి అది ఎనిమిది గంటల పని. ఉన్నదే పదహారు గంటలు ఖాళీగా ఉంటే దానికి ఇంకోటి తోడెందుకు?

శివారు చేలకి నీరందట్లేదని ధవళేశ్వరంలో కాలవకి నీళ్లు ఎక్కువ వదిలితే, గుర్రపుడెక్క పట్టేసిన చోట పొంగి గట్టు తెగుతుంది గానీ శివారుకి చుక్క పెరగదు. నీ మిల్లులో ఆ గుర్రపుడెక్క డ్రయ్యర్ దగ్గరుంది.

వాయికి ఎనిమిది గంటలన్నావు. వడ్లు ఎండేది ఐదున్నర గంటలే. మిగతా రెండున్నర ఎక్కించడానికి, దించడానికి, బస్తాలు మోసే ముఠా వాళ్లు వచ్చేదాకా కాచుకోవడానికి పోతోంది. ఉడికిన వడ్లు ఒక వాయికి సరిపడా ముందే సిద్ధంగా పెట్టు, డ్రయ్యర్ దగ్గర ఇద్దరిని కదలకుండా ఉంచు. రెండున్నర గంటలు అరగంటకి దిగితే నాలుగు వాయిలు, 32 టన్నులు. అలాగని రెండు మూడు వాయిలు ఉడికించి పెట్టకు, తడి వడ్లు పులిసి వాసనొస్తాయి. తొందరపడి గాలి వేడి పెంచావా, గింజ పగిలి నూకైపోతుంది.

బాయిలర్ సంగతి కూడా చూడు. వడ్లు నానబెట్టే తొట్లలో నీళ్లు కాచడానికీ, ఉడికించడానికీ, డ్రయ్యర్‌కీ ఆవిరి అదేగా. ఉడికించే వాల్వు పూర్తిగా తిప్పగానే డ్రయ్యర్ వేడి పడిపోతే, ఐదున్నర గంటల ఎండబెట్టుడు ఆరున్నరకి పోతుంది. అప్పుడు డ్రయ్యర్ ఆపరేటర్‌ని తిడితే లాభం లేదు, అతని తప్పేం లేదు. డ్రయ్యర్‌లో కొత్త వాయి ఎక్కించే ఆ అరగంటలోనే వాల్వు తిప్పేలా వేళలు కలుపు. అరగంటలో ఉడకడం పూర్తికాకపోతే మిగతాది సన్నగా వదలమను.

ముఠాకి బస్తా లెక్కన కూలి. వాళ్లు ఎంత వీలైతే అంత దించేస్తారు, యార్డు నిండుతుంది, డ్రయ్యర్ వైపు దారి మూసుకుపోతుంది. డ్రయ్యర్ దగ్గర పనిచేసే గంటలకి కూలి విడిగా మాట్లాడుకోకపోతే అటు ఎవరూ రారు.

ట్రాక్టర్లకి టోకెన్లివ్వు. ఇప్పుడు 30 నిలబడ్డాయి, ఒక్కోదానిలో 4 టన్నులు, రోజుకి దిగేవి 6. ఆఖరాయనకి ఐదు రోజులు. బారులో ఉన్న బళ్ల లెక్కని రోజుకి దిగే బళ్ల లెక్కతో భాగిస్తే కాచుకునే రోజులు వస్తాయి. ఈ సూత్రానికి జాన్ లిటిల్ అనే అమెరికా ప్రొఫెసర్ 1961లో రుజువు చూపించాడు. నాలుగు వాయిలు పడితే రోజుకి 8 దిగుతాయి, కానీ కమీషన్ ఏజెంట్లు పది పంపితే రోజుకి రెండు మళ్లీ పేరుకుంటాయి. అందుకని టోకెన్లు ఎనిమిదే.

నాలుగు వాయిలు నిలకడగా పడ్డాక మళ్లీ చూడు, ఇరుకు బాయిలర్‌కో తొట్లకో మారుతుంది. షెల్లర్‌కి మాత్రం ఇప్పట్లో రాదు.

డ్రయ్యర్ పక్కన పలక కట్టి, ప్రతి వాయికీ ఎక్కించిన టైము, ఆవిరి వదిలిన టైము, దించిన టైము సుద్దముక్కతో రాయించు. వారం అయ్యాక ఫోటో తీసి పంపు.

ఉంటాను.