కౌన్సెలర్‌ని పెట్టారు సరే, పని చేయనిస్తారా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంటర్ రిజల్ట్స్ మర్నాడు మీ పేపర్ తెరవాలంటే నాకు ప్రతి ఏడూ అదోలా ఉంటుందండి. ఫస్ట్ పేజీ తిప్పగానే పాస్‌పోర్ట్ ఫొటోలు పేర్చిన ఫుల్ పేజీ యాడ్లు, 990, 991 అంటూ. లోపల జిల్లా పేజీలో ఓ మూల నాలుగు లైన్లు, మార్కులు తక్కువొచ్చాయని ఫలానా ఊళ్లో ఒక పిల్లాడు... ఆ తర్వాత రెండ్రోజులకి ఎవరో ఒక పెద్దాయన వ్యాసం వస్తుంది, ప్రతి స్కూల్లో సైకాలజిస్ట్ ఉండాలి అని. ఉండాలి, కాదనట్లేదు. నేను ఉన్నాను. ఆరేళ్లు ఉండి వచ్చాను. అందుకే ఈ ఉత్తరం.

ఎమ్మెస్సీ సైకాలజీ చేసి, ఆపైన కౌన్సెలింగ్‌లో డిప్లొమా చేసి విజయవాడలో ఒక ప్రైవేట్ సీబీఎస్‌ఈ స్కూల్లో చేరా. పేరు వద్దులెండి, ఆ ఒక్క స్కూలు గొడవ కాదిది, మా బ్యాచ్ వాళ్లం ఏడెనిమిది మందిమి ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం, అందరిదీ ఇంచుమించు ఇదే. చేరిన వారానికే చేతిలో టైమ్‌టేబుల్ పెట్టారు, వారానికి పద్దెనిమిది పీరియడ్లు, వాల్యూ ఎడ్యుకేషన్, జీకే, ఇంకా ఆరో క్లాసు సోషల్. మిగతా టైములో ఏ టీచర్ లీవ్ పెడితే ఆ క్లాసుకి సబ్‌స్టిట్యూషన్. సంక్రాంతి సెలవులవగానే అడ్మిషన్ల సీజన్, పాంప్లెట్లు పట్టుకుని కాలనీల్లో ఇంటింటికీ తిరగాలి, మనిషికిన్ని అడ్మిషన్లని టార్గెట్ కూడా. యాన్యువల్ డేకి యాంకరింగ్ సరేసరి. 1500 మంది పిల్లలకి నేనొక్కదాన్నే. గది మెట్ల కింద, క్రికెట్ కిట్లూ టెన్నికాయిట్ రింగులూ ఉండే గదిలోనే ఒక పక్కకి టేబులూ రెండు కుర్చీలూ. పాపం పీఈటీ సారు మంచాయనే, కానీ పది నిమిషాలకోసారి తలుపు తోసుకుని "సారీ మేడం, ఒక్క బాల్" అనేవారు, అప్పటిదాకా ఏడుస్తున్న పిల్ల గబగబా కళ్లు తుడుచుకుని "ఏం లేదు మేడం, వెళ్తా" అని లేచిపోయేది. మళ్లీ వచ్చేది కాదు.

అసలు మనవాళ్లకి కౌన్సెలింగ్ అనే మాట రెండు చోట్లే తెలుసండి. ఒకటి ఎంసెట్ కౌన్సెలింగు, ఏ కాలేజీలో సీటొచ్చిందో తేల్చేది. రెండోది పోలీస్ స్టేషన్లో, తాగి బండి నడిపినోళ్లకి ఇచ్చేది. స్కూల్లో కూడా ఈ రెండోదే అనుకుంటారు. "మేడం వీడికి కాస్త గట్టిగా కౌన్సెలింగ్ ఇవ్వండి" అని పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టి వెళ్తారు, పీరియడ్ అయ్యేలోపు బాగుచేసి పంపాలి, ఏదో దగ్గు మందు రెండు చెంచాలు పోసినట్టు. వాడేమో నా గది నుంచి బయటికి రాగానే "ఏరా, మెంటల్ మేడం దగ్గరికెళ్లావా" అని తోటి పిల్లలు.

మరి అసలు పనేంటి అంటే ఒక్క పిల్లాడి సంగతి చెప్తా, ఎవరో తెలియకుండా కాస్త మార్చి రాస్తున్నా. ఏడో క్లాసు. వాడి మీద కంప్లైంటు, క్లాసులో జోకులేస్తాడు, రాసుకోడు, చదవమంటే బాత్రూమ్ అంటాడు, ఒకటే ఓవరాక్షన్. ఒకరోజు తెలుగు పీరియడ్‌కి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నా. మేడం వరసగా ఒక్కొక్కరి చేత ఒక్కో పేరా చదివిస్తున్నారు. వీడు తన ముందు ఎంతమంది ఉన్నారో వేళ్ల మీద లెక్కేసుకుని, తన వంతుకి ఏ పేరా వస్తుందో చూసుకుని, పక్కవాడి చేత అది మెల్లగా చదివించుకుని పెదాలతో బట్టీ పడుతున్నాడు. ఇంతలో మేడం మధ్యలో ఇద్దర్ని వదిలేసి వీణ్ణి లేపారు. లేచి గడగడా చెప్పేశాడు, ఒక్క తప్పు లేదు, కాకపోతే అది రెండు పేరాల కిందది. క్లాసంతా పగలబడి నవ్వింది, వాడూ నవ్వాడు, అదేదో కావాలని చేసినట్టే. బయట నిల్చోమన్నారు.

వాడి నోట్సులు తెప్పించి చూశా. బోర్డు మీది చూసి దించింది ముత్యాల్లా ఉంది. డిక్టేషన్ పేజీలు మాత్రం చూడలేం, 'మ' రాయాల్సిన చోట 'య', వత్తులు సగం లేవు, ఇంగ్లీషులో బి కి డి, డి కి బి. లెక్కలు నోటితో అడిగితే క్లాసులో అందరికంటే ముందు చెప్తాడు, అదే లెక్క మాటల్లో రాసిస్తే చెయ్యలేడు. మొదట కళ్లు, చెవులు టెస్ట్ చేయించమన్నా, ఎందుకంటే చూపు ఆనకపోయినా ఇలాగే ఉంటుంది, అది తేలకుండా మనం ఏ ముద్రా వేయకూడదు. అవి బానే ఉన్నాయి. అప్పుడు తల్లిదండ్రుల్ని పిలిస్తే వాళ్ల నాన్న అడిగిన మొదటి మాట "మావాడికేమైనా మెంటలా అండీ?" వాళ్లమ్మ ఏమీ అడగలేదు, బ్యాగులోంచి రెండో క్లాసు ప్రోగ్రెస్ కార్డు తీసి చూపించింది, అప్పుడే ఎర్ర ఇంకుతో రాశారు, బద్ధకస్తుడు అని. ఐదేళ్లు దాచిపెట్టుకుంది ఆ కార్డు.

దీన్ని లెర్నింగ్ డిజెబిలిటీ అంటారు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఇదీ ఒకటి. తెలివి తక్కువ కాదు, బద్ధకం అంతకన్నా కాదు, మందులతో తగ్గేదీ కాదు, చదవడం వేరే పద్ధతిలో నేర్పాలి. ఐక్యూ టెస్టూ, రీడింగ్ టెస్టూ పద్ధతిగా చేసి రిపోర్ట్ ఇవ్వాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్ట్ కావాలి, అది నేను ఇవ్వలేను, ఇవ్వకూడదు కూడా (ఇచ్చేస్తున్నవాళ్లు ఉన్నారు, అది ఇంకో ఉత్తరం). ఆ తల్లిదండ్రులు శాతవాహన రైలెక్కి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, ఒకప్పుడు మానసిక వికలాంగుల జాతీయ సంస్థ అనేవాళ్లే, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు, అక్కడికి వెళ్లి, తర్వాత హాస్పిటల్ చుట్టూ తిరిగి సర్టిఫికెట్ తెచ్చుకునేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్‌ఈ పదో తరగతిలో మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట ఇస్తారు, కావాలంటే రాసిపెట్టే మనిషిని ఇస్తారు. ఇదంతా ఆ తల్లిదండ్రులకి ఎవరో ఒకరు చెప్పాలి కదా. తెలుగు మేడంతో కూర్చుని, వాణ్ణి అందరి ముందూ లేపి చదివించొద్దు, ముందు రోజే పేరా ఇవ్వండి అని మాట్లాడుకోవాలి. ఆవిడ తర్వాత నాతో ఒకరోజు, "నాకు బీఈడీలో ఇవన్నీ ఒక చాప్టర్ ఉండేది మేడం, పరీక్షకి చదివి వదిలేశా" అంది. ఎంత నిజాయితీగా చెప్పిందో.

అంటే స్కూల్ సైకాలజిస్ట్ పని గదిలో కూర్చుని ఓదార్చడం ఒక్కటే కాదండి. సగం పని క్లాసు వెనక బెంచీలో, సగం స్టాఫ్ రూమ్‌లో. అందుకు ఖాళీ పీరియడ్లు కావాలి, నాకు లేనివే అవి. పిల్లాడు ప్రమాదంలో ఉన్నాడని అర్థమైతే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాలి, వాళ్లే మందులు రాసేది, మేం కాదు, ఈ తేడా చదువుకున్న పేరెంట్స్‌కి కూడా తెలీదు.

ఇంకో పెద్ద గొడవ రహస్యం. పిల్లలకి నేను మొదటి రోజే చెప్పేదాన్ని, నువ్వు చెప్పింది ఈ గది దాటదు, కానీ నీ ప్రాణానికో వేరేవాళ్ల ప్రాణానికో ముప్పున్నా, నిన్నెవరైనా ఇబ్బంది పెడుతున్నా మాత్రం దాచను అని. ఆ చివరిదైతే నా ఇష్టం కూడా కాదు, అది లైంగిక వేధింపులైతే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష. మేనేజ్‌మెంట్ లెక్క సరిగ్గా తల్లకిందులు. ఎవరికీ చెప్పక్కర్లేని విషయాలన్నీ, తొమ్మిదో క్లాసు అమ్మాయికి ఎవరు నచ్చారు లాంటివి, రిజిస్టర్లో రాసి రోజూ ఆఫీసుకి పంపమనేవాళ్లు. చెప్పి తీరాల్సింది వచ్చినప్పుడేమో "స్కూలు పేరు పోతుంది మేడం, కాస్త ఆగండి" అనేవాళ్లు. నేను ఆగలేదు. ఆ రిజిస్టర్లో మాత్రం ఆరేళ్లూ "చదువు విషయమై మాట్లాడడమైనది" అని ఒకటే లైను రాశా, ఈ మాట ఇప్పుడు చెప్తే ఎవరేం చేస్తారులెండి.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. సీబీఎస్‌ఈ 2018 బైలాస్‌లోనే కౌన్సెలర్ ఉండాలని ఉంది. విశాఖపట్నంలో 2023 జులైలో నీట్ కోచింగ్‌కి బెంగాల్ నుంచి వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి చనిపోతే వాళ్ల నాన్న సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ఆ కేసు సీబీఐకి ఇస్తూ దేశం మొత్తానికీ పదిహేను గైడ్‌లైన్స్ ఇచ్చారు. వందమంది, ఆ పైన పిల్లలున్న ఏ విద్యాసంస్థలోనైనా కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలన్నారు. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టొద్దు, అందరి ముందూ అవమానించొద్దు అని కూడా అన్నారు. 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో 13,044 మంది స్టూడెంట్స్ ప్రాణాలు తీసుకున్నారని క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్క. మన దగ్గర స్టార్ బ్యాచులూ సూపర్ బ్యాచులూ ఆగాయా? కనీసం వాటి యాడ్లు మీరు ఆపారా? ఏమనుకోకండి, అడగాలనిపించింది.

మా కజిన్ డాలస్‌లో ఉంటుంది. వాళ్లబ్బాయికి చదువులో ఏదో తేడాగా ఉందని అడిగితే స్కూలే సైకాలజిస్ట్‌తో టెస్టులన్నీ పైసా తీసుకోకుండా చేయించి పెట్టింది, అక్కడ చట్టం అలాంటిది, ఈవిడ చేసిందల్లా సంతకం పెట్టడమే. అక్కడి స్కూల్ సైకాలజిస్టుల సంఘం 500 మందికి ఒకరు ఉండాలంటుంది, వాళ్లకీ సరిపడా లేరట. అక్కడ అన్నీ గొప్పని కాదు, మనకి శాతవాహన టికెట్ ఖర్చు కూడా పేరెంట్స్‌దే అని చెప్తున్నా. గవర్నమెంట్ స్కూళ్లలో అయితే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలానికో భవిత కేంద్రం, అందులో ఒకరిద్దరు రిసోర్స్ టీచర్లు, వాళ్లే అన్నీ చూసుకోవాలి.

కాబట్టి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే సార్లకి నా మనవి ఒకటే, కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ ఆర్డర్ చూడకండి, ఆవిడ టైమ్‌టేబుల్ తెప్పించి చూడండి. ఆ గదికి తలుపు సరిగ్గా పడుతుందో లేదో ఒకసారి మీరే వేసి చూడండి. పేరెంట్స్ కూడా అడ్మిషన్ రోజు ఏసీ ఉందా, బస్ ఎక్కడిదాకా వస్తుంది అని అడుగుతారు కదా, కౌన్సెలర్ ఎవరు, వారానికి ఎన్ని క్లాసులు చెప్తారు అని కూడా అడగండి. జవాబు వెంటనే రాకపోతే మీకే అర్థమవుతుంది.

నేనెందుకు మానేశానంటే, చివరి ఏడాది మార్చిలో ఒక ఫార్మాట్ ఇచ్చి, కౌన్సెలింగ్ తీసుకున్న పిల్లల మార్కులు ఎంత శాతం పెరిగాయో నింపమన్నారు. ఆ ఏడోక్లాసు పిల్లాడు అప్పటికి తొమ్మిదికి వచ్చాడు, తెలుగులో 41 వచ్చాయి, ముందు 38. మూడు పెరిగాయని రాయాలన్నమాట. వాడు తనంతట తను లేచి నిలబడి అరపేజీ తప్పుల్తడకగా చదివాడు, ఎవరూ నవ్వలేదు, దానికి ఆ ఫార్మాట్లో కాలమ్ లేదు. ఫారం ఖాళీగా ఇచ్చేసి వచ్చేశా. బోర్డు ఇంకా ఉందట ఆ గదికి, ఇన్‌స్పెక్షన్‌కి కావాలి కదా.

ఇక మీకు చిన్న విన్నపం. పిల్లలు చనిపోయిన వార్తకి "మార్కులు తక్కువొచ్చాయని" అని ఒక్క ముక్కలో కారణం తేల్చేయకండి, అంత సింపుల్‌గా ఎప్పుడూ ఉండదు, అదే పరిస్థితిలో ఉన్న ఇంకో పిల్లాడు ఆ నాలుగు లైన్లూ చదువుతుంటాడు. ఆ వార్త కింద గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 వేయండి, ఫ్రీ కాల్, తెలుగులోనూ మాట్లాడతారు. ఉత్తరం పెద్దదైంది, ప్లేస్ సరిపోకపోతే నా మెట్ల కింద గది గోలంతా తీసేసినా పర్లేదు, నంబర్ మాత్రం తీయకండి.

ఇట్లు,
ఒక మాజీ స్కూల్ కౌన్సెలర్,
విజయవాడ