దసరాకు ఇవ్వవలసిన పెద్ద విమానాలు ఎందుకు ఆలస్యమవుతున్నాయి

50 సీసీ పెట్రోలు ఇంజిన్‌తో ఎగిరే పెద్ద రేడియో కంట్రోల్ విమానానికి తిరుపతిలోని మా దుకాణంలో అడ్వాన్సు కట్టినవారందరికీ నమస్కారం. దసరాకు ఇస్తానన్న విమానాలను కార్తీక మాసం ముగిసేలోగా మాత్రమే ఇవ్వగలను. కారణం మీకు నేరుగా నేనే చెప్పాలి.

తోక భాగాలు పంపే సరఫరాదారు ఈసారి మాకు ఒక్క మాటైనా చెప్పకుండా, చాలా తేలికైన బాల్సా చెక్క ఉండవలసిన చోట బరువైన ప్లైవుడ్ వాడారు. పెట్టె విప్పినప్పుడు కొలతలు, పై నునుపు అన్నీ సరిగ్గానే కనిపించాయి. తూకం వేస్తే ఒక్కొక్క తోక 120 గ్రాములు ఎక్కువ తేలింది. ఏడున్నర కిలోల విమానానికి 120 గ్రాములు ఒక లెక్కా అని ఆయన ఫోనులో అన్నారు. ఇన్నేళ్లుగా ఆయన సరుకునే నమ్ముకున్న నాకు ఆ మాట చాలా బాధ కలిగించింది, ఎందుకంటే ఆ లెక్క ఏమిటో ఆయనకు బాగా తెలుసు.

ఈ విమానం సీజీ, అంటే గరిమనాభి, రెక్క ముందంచు నుంచి సగటు వెడల్పులో 30 శాతం దగ్గర ఉండాలి. అక్కడి నుంచి తోక 1,200 మిల్లీమీటర్లు వెనక ఉంటుంది. ముక్కులో సీసం బిగించగల చోటు 400 మిల్లీమీటర్లే ముందు ఉంటుంది. కనుక వెనక పెరిగిన 120 గ్రాములకు ముందు 360 గ్రాములు చేర్చితేనే తూకం కుదురుతుంది. అంటే విమానం అరకిలో వరకు బరువెక్కుతుంది. తూకం సరిచేయకుండా వదిలేస్తే సీజీ వెనక్కి జరిగి, ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలకైన ఎలివేటర్‌ను కాస్త కదిపినా ముక్కు ఎగిరిపడి, విమానం చేతికి చిక్కదు. బ్యాటరీలను ముందుకు జరుపుదామంటే, అవి ఇప్పటికే ఇంజిన్ గోడకు ఆనుకుని ఉన్నాయి.

సీసం వేసి ఇచ్చేయమని మీలో కొందరు కూడా అన్నారు. పండుగకు ఎగరవేయాలన్న మీ ఆత్రం నాకు తెలుసు కాబట్టి, ఈ విషయంలో నేను చాలా రాత్రులు మథనపడ్డాను. సీసం వేస్తే సీజీ కుదురుతుందన్నది నిజమే. కానీ కావడికి ఒకవైపు బరువు పెరిగిందని రెండోవైపు రాయి కడితే కావడి నిలుస్తుంది గాని, మోసేవాడు తిరగడం కష్టమవుతుంది. రెండు కొసల్లో బరువున్న విమానం తిరగడం మొదలుపెట్టడానికీ, తిరుగుతున్నది ఆగడానికీ ఎక్కువ సమయం తీసుకుంటుంది. స్పిన్‌లోకి, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి పడే స్థితిలోకి, వెళ్లిన విమానానికి ఆ ఆలస్యమే ప్రాణాంతకం. దిగేటప్పుడు వేగం ఎక్కువ కావాలి, చక్రాల కాళ్ల మీద దెబ్బ పెరుగుతుంది. అటువంటి విమానాన్ని నా చేతులతో బిగించి మీకు ఇవ్వను. ఎవరు ఏమనుకున్నా ఈ మాట మార్చుకోను.

ఆ తోకలన్నీ తిప్పి పంపాను. కొత్త తోకలను బాల్సాతో మా దుకాణంలోనే, లోపల కార్బన్ గొట్టం పెట్టి కడుతున్నాము. ఇది నిదానమైన పని, ఎందుకంటే చెక్కను పలక పలకగా తూచి, తేలికైనవే తీసుకుంటున్నాను. ధర పెంచను. ఆగలేనివారికి అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాను.

ప్రతి విమానాన్నీ పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉంచి తూచి, ఎడమ కుడి రెక్కల తూకం కూడా చూసి, ఆ కొలతలు రాసిన కాగితంతో ఇస్తాను. మొదటి ఎగురవేత ఎప్పటిలాగే రేణిగుంట విమానాశ్రయానికీ తిరుమల కొండకూ దూరంగా, చంద్రగిరి దాటిన తరువాత మన మైదానంలో జరుగుతుంది. తరువాత మీరు వేరే బ్యాటరీ గాని సైలెన్సర్ గాని మార్చితే, సీజీని మళ్లీ చూసుకోకుండా ఎగరవేయకండి.

గతంలో తీసుకున్నవారి తోకలు బాల్సావే. అనుమానం ఉన్నవారు తోక విప్పి దుకాణానికి తెస్తే, మీ ఎదుటే తూచి చూపిస్తాను.